మరిది భుజం మీద నాలుగు వేళ్ళు

ఈ కబురు ముందుగా నాకు చేరవేసింది పలమనేరులో ఉండే మా ఆడబిడ్డ. ఆమెకు ఆరు పాడి ఆవులున్నాయి. వాటి ముందు ఎంత గట్టిగా అరుస్తుందో ఫోన్‌లోనూ అంతే గట్టిగా మాట్లాడుతుంది. ఆ పొద్దున నేను తిరుచానూరులో మా ఇంట్లో దీపానికి నూనె పోస్తున్నాను. పూజ మధ్యలో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. మూడోసారి మోగేసరికి ఎత్తాను.

"ఏం వదినా, మీ ఇంట్లో దేవుడు ఇంకా లేయలేదా? ఎన్నిసార్లు కొట్టేది?" అంది. "తమ్ముడి పెండ్లాం ఇప్పుడే ఫోన్ చేసి ఏడ్సింది. ఫోటోల్లోంచి ఆ పిల్లను కోసి పారేసినావంట. నిజమేనా?"

"కోయలేదమ్మా, సర్దినాను."

"సర్దితే మనిషి యాడికి పోయింది? నా ఫోన్లో కూడా సూసినా. వాడొక్కడే నిలబడుండాడు. పక్కన గోడ ఉండాది. పిల్ల లేదు."

నేను వెళ్ళి కంప్యూటర్ తెరిచాను. నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ‘పెద్దలు’ అని నేను పేరు పెట్టిన ఫోల్డర్‌లో, పదకొండు ఫోటోల్లో మా మరిది ఒక్కడే ఉన్నాడు. నేను చేసిన పని ఈ గదిలోనే, ఈ పెట్టెలోనే ఉంటుందనుకున్నాను. అది శ్రీ సిటీ దగ్గర ఒక అద్దె ఇంటిదాకా వెళ్ళిందనీ, అక్కడ ఒంటరిగా ఉన్న మనిషి చేతిలోని ఫోన్‌లో కూడా కత్తెర వేసిందనీ ఆ నిమిషం దాకా నాకు తెలియదు.

మా అత్తగారింటి ఫోటోలన్నీ ఒకే ఖాతాలో ఉంటాయి. ఆ ఖాతా తెరిచింది మా బావ, అంటే నా భర్తకు అన్న. చిత్తూరులో ఆయనకు బెల్లం మండీ ఉంది. ఇంటికి పెద్దవాడు కాబట్టి ఖాతా ఆయన పేరు మీద, తాళం ఆయన చేతిలో. నాలుగిళ్ళ ఫోన్లలో ఎవరు ఏ ఫోటో తీసినా అది పైకి వెళ్ళి ఆ క్లౌడ్‌లో చేరుతుంది. చాన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. ఆడబిడ్డ దూడలు, బావ బెల్లం ముద్దలు, నా భర్త పనిచేసే లాడ్జిలో కారే కుళాయిలు, మధ్యలో అమ్మవారి వాహన సేవలు, అన్నీ కలగాపులగంగా పడి ఉండేవి. లాడ్జిలో కంప్యూటర్లు మార్చినప్పుడు పాతదొకటి నా భర్త ఇంటికి తెచ్చాడు. అందులో ఏదో సాఫ్ట్‌వేర్ వేయించి, నన్ను కూర్చోబెట్టి, "ఈడ సర్దితే ఆడ కూడా అదే సర్దుకుంటుంది. నీకు ఓపికుంది గదా, నువ్వు చెయ్యి" అన్నాడు.

ఆ మాటకు నేను దేవుడికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. వంటిల్లు దాటిన పని నాకు ఎవరైనా అప్పగించడం అదే మొదటిసారి. నేను బడికి పోలేదు. నాయనే ఇంట్లో చదువు చెప్పాడు. పలక మీద అక్షరాలు, ఆ తరవాత పంచాంగం, ఆ తరవాత చుట్టాలకు ఉత్తరాలు. "ముట్టుకునే ముందు దాని మీద ఏం రాసుందో పూర్తిగా చదువు" అనేవాడు, మందు సీసా అయినా సరే, గుడి బోర్డు అయినా సరే. కంప్యూటర్‌ను కూడా నేను అట్లాగే నేర్చుకున్నాను. మెనూలో ప్రతి మాటా చదివి, తెలియనిది కాగితం మీద రాసుకుని, సాయంత్రం భర్తను అడిగేదాన్ని. ఏడాదిలో మా ఇంటి ఫోటోలు దేవుళ్ళు ఒకచోట, పెళ్ళిళ్ళు ఒకచోట, పిల్లలు ఒకచోట అయ్యాయి. బావ కూడా ఒకసారి ఫోన్ చేసి మనవడి పుట్టువెంట్రుకల ఫోటో యాడుందని అడిగాడు. నేను చెప్పిన చోట దొరికింది. ఆ రోజంతా నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

మా మరిది పోయిన సంగతి ఇక్కడ చెప్పాలి. అందరికన్నా చిన్నవాడు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని. అక్కడి కంపెనీ బస్సులోనే ఆ అమ్మాయి పరిచయం. ఆమెది సత్యవేడు వైపు, క్రైస్తవ కుటుంబం. రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. మా బావ పోలేదు, ఎవర్నీ పోనివ్వలేదు. ఆఫీసు మెట్ల మీద దండలు మార్చుకుంటుంటే, బస్సులో వచ్చే స్నేహితులు మరిది ఫోన్‌తోనే ఫోటోలు తీశారు. రెండేళ్ళు కాపురం చేశారు. పిల్లలు లేరు. నిరుడు జ్వరం వచ్చి ఆరో రోజున మరిది పోయాడు. ఆయన ఫోన్‌ను ఇప్పుడు ఆమే వాడుతోంది. ఆ ఫోన్లో చోటు చాలక ఎప్పుడో పాతవన్నీ ఖాళీ చేశారు. తెరిస్తే కనిపించేవన్నీ క్లౌడ్‌లో ఉన్నవే, ఫోన్లో ఉన్నవి కావు. వాళ్ళిద్దరూ కలిసి ఉన్న ఫోటోలు మొత్తం పదకొండు. ఇంకో కాపీ యాడా లేదు.

సంవత్సరికం దగ్గర పడుతోందని బావ నాకు ఫోన్ చేశాడు. "గోడకు కట్టే ఫోటో ఒకటి చూసి పెట్టమ్మా, మంచిది" అన్నాడు. నేను ఆ పనికి కూర్చున్నాను.

మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరైనా పోతే, వాళ్ళు ఉన్న ఫోటో తీసి, అందులో బతికి ఉన్నవాళ్ళు కూడా ఉంటే, నాయన కత్తెరతో వాళ్ళను వేరు చేసేవాడు. పోయినవాళ్ళ ముక్క దక్షిణపు గోడకు వెళ్ళేది. బతికున్నవాళ్ళ ముక్కను పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవాడు. "బతికినోళ్ళను ఈ గోడ మీదికి ఎక్కించగూడదు తల్లీ. దండేస్తే ఇద్దరి మెళ్ళోనూ పడతాది" అనేవాడు. మొత్తం ఫోటో మళ్ళీ కావాలంటే స్టూడియోలో నెగెటివ్ ఉండేది. పోయి కడిగించుకోవడమే. కాబట్టి ఆ కత్తెర ఎవరికీ ఏమీ చేసేది కాదు.

నేను క్లౌడ్‌ను స్టూడియో అనుకున్నాను. నా ఇంట్లో ఉన్నది ఫోటో అనీ, నెగెటివ్ పైన భద్రంగా ఉందనీ అనుకున్నాను. ఇక్కడ సర్దితే అక్కడ సర్దుకుంటుందని తెలుసు. ఇక్కడ కోస్తే అక్కడ కూడా తెగుతుందని మాత్రం తోచలేదు. ఆ రెండూ ఒకటే మాట అని ఇప్పుడు చదివేవాళ్ళకు నవ్వు రావచ్చు. రానివ్వండి.

ఒక పూటంతా కూర్చుని పదకొండు ఫోటోల్లోనూ ఆమెను తీసేశాను. పోయిన మనిషి పక్కన ఆమెను ‘పెద్దలు’ అన్న పేరు కింద ఉంచితే ఆమె ఆయుస్సుకు మంచిది కాదని నా భయం. ఏడు ఫోటోలకు ఉన్నదాని మీదే సేవ్ కొట్టాను. మిగతా నాలుగింటికి సాఫ్ట్‌వేర్ కాపీగా దాచమంటావా అని అడిగింది. సరే అన్నాను. మళ్ళీ ఒకటికి రెండు ఎందుకని పాతవి డిలీట్ చేశాను. ఆ వేళ నా మనసులో ఆమె మీద ద్వేషం లేదని ఏ గుడిలోనైనా చెప్పగలను. అయితే ఆమెను ఒక మాట అడగాలని కూడా నాకు అనిపించలేదు. ఫోన్ నా పక్కనే ఉంది.

ఆడబిడ్డ మాట విన్న వెంటనే మరిది భార్యకు ఫోన్ చేశాను.

"మీరే చేసినారా అక్కా?" అంది. ఏడుపు అయిపోయి గొంతు ఆరిపోయి ఉంది.

నేనేనన్నాను. పద్ధతి ఏమిటో చెప్పాను, నాయన గురించి చెప్పాను, ఆమె మంచికేనని చెప్పాను. చెప్పే కొద్దీ నా మాటలు నాకే చిన్నబోతూ వచ్చాయి.

"నా ఆయుస్సు కోసం నన్ను కోసినారా?" అని నవ్వింది. ఆ నవ్వు కన్నా తిట్టు నయం. "మరి నా వేళ్ళు ఎందుకు ఉంచినారు? దండలు మార్చుకున్న ఫోటోలో ఆయన భుజమ్మీద నాలుగు వేళ్ళుండాయి చూడండి. అవి నావే. అవీ తీసేసుంటే ఒకేసారి సరిపోయుండు గదా."

చూశాను. ఉన్నాయి. భుజాన్ని కోయకుండా వేళ్ళను తీయలేక వదిలేశాను. వదిలేసినప్పుడు అవి ఒక మనిషివని నేను చూడలేదు.

"మళ్ళీ తెప్పిస్తానమ్మా" అన్నాను.

"యాడ్నించి? మీ ఇంట్లో ఆయన బతికుండగానే నన్ను ఒక ఫోటోలో నిలబెట్టలేదు. ఇప్పుడు ఉన్నవి కూడా మీరే తీసేసి, మీరే తెప్పిస్తారా? తెచ్చినాక ఫోన్ చేయండి. అంతదాకా వద్దు." పెట్టేసింది.

మా వీధి మలుపులో ఒక ఫోటో స్టూడియో ఉంది. గుడికి వచ్చేవాళ్ళకు ఫ్రేములు కట్టిస్తుంది, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది. నడిపేది నడివయసు ఆవిడ. మాట కరుకు, పని శుభ్రం. నేను వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ ఫ్రేముకు మేకు కొడుతూ విన్నది.

"ఒరిజినల్ మీద ఎవరైనా సేవ్ కొడతారా అమ్మా? ఇంటి పత్రం మీద అట్లనే గీతలు గీస్తారా?"

"తెలీక..."

"తెలీకుంటే అడగాల. అడిగేదానికి నేను ఈడ ఇరవై ఏండ్లుగా కూర్చోనుండా." సుత్తి పక్కన పెట్టింది. "ఎన్ని రోజులైంది?"

"పన్నెండు."

"మీ అదృష్టం. దాని మీదే సేవ్ కొట్టినవాటికి పాత వెర్షన్ ముప్పై రోజులు ఉంటుంది. డిలీట్ చేసినవి బిన్‌లో ముప్పై రోజులు ఉంటాయి. ఆ తరవాత ఎవరొచ్చి ఏడ్సినా రావు. అయితే మీ కంప్యూటర్లో నుంచి కాదు, ఖాతా ఎవరిదో వాళ్ళు లోపలికి పోయి తీయాల. ఎవరిది?"

చెప్పాను. ఆవిడ ఒక కాగితం మీద ఎక్కడ నొక్కి ఎక్కడికి పోవాలో వరుసగా రాసిచ్చింది. నేను దండం పెట్టాను. "నాకెందుకు దండం? పోయి మీ బావకు పెట్టండి" అంది. ఆ మాట అప్పుడు నాకు చురుక్కుమన్నా, సరిగ్గా ఎటు పోవాలో చెప్పింది ఆవిడే. ఆ కాగితానికి నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఆ సాయంత్రమే బావకు ఫోన్ చేశాను.

"బావా, ఫోటోల ఖాతా పాస్‌వర్డ్ కావాల. నా వల్ల తప్పు జరిగింది" అని సంగతంతా చెప్పాను.

"ఇప్పుడేం మునిగింది?" అన్నాడు. "తమ్ముడు ఉండాడు గదా ఫోటోలో? మనకు కావాల్సింది వాడే."

"ఆమెకు కావాల్సింది ఇద్దరూ ఉన్నది బావా."

"ఆ యమ్మకు కావాల్సింది ఆ యమ్మ సూసుకుంటుంది. పిల్లా జెల్లా లేదు. సంవత్సరికం అయిపోతే ఆ యమ్మ ఎవురో, మనం ఎవురో. తెలిసి చేసినావో తెలీక చేసినావో, మంచి పనే చేసినావు."

కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారి. చెవికి వేడి నూనె తగిలినట్టు అయింది.

తరవాత రోజులు ఎట్లా పోయాయో చెబితే, చదివేవాళ్ళకు కూడా ఒళ్ళు మండుతుంది. మొదట మండీలో బిజీ అన్నాడు. తరవాత పాస్‌వర్డ్ మరిచిపోయానన్నాడు. తరవాత ఒక పాస్‌వర్డ్ చెప్పాడు. అది కొడితే ఓటీపీ అడిగింది. ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతుంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్ చేస్తే ఎత్తడు. పది నిమిషాల తరవాత ఎత్తి, "యేదో నంబర్ వచ్చి పోయిందమ్మా, నేను చూడలేదు" అంటాడు. ఇట్లా నాలుగు సార్లు. నా భర్తను అడగమన్నాను. "అన్నకు నేను ఎదురు చెప్పింది ఎప్పుడు? ఇప్పుడు చెప్పమంటావా, అదీ ఫోటోలకు?" అన్నాడు. నా భర్త మంచివాడు. ఆ మంచితనం వల్ల ఆ నెలలో ఎవరికీ ఒక్క మేలూ జరగలేదు.

రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఇరవై. ఇరవై రెండు. రోజూ అమ్మవారి ముందు నిలబడి, బావ మనసు మార్చు తల్లీ అని అడిగేదాన్ని. ఒక రోజు అడుగుతుండగా నాకే సిగ్గేసింది. తప్పు చేసింది నేను. బావ మండీ మా ఇంటికి రెండు గంటల దూరం. బస్సులు ఉన్నాయి. అమ్మవారిని పంపాల్సిన పని ఏముంది?

ఆడబిడ్డకు ఫోన్ చేశాను. "వస్తా వదినా, పాలు పోసేసి వస్తా. ఆ పిల్లను కూడా రమ్మంటా. వాళ్ళ ఫోటోలు, వాళ్ళు లేకుండా మనం పోయి అడుక్కునేదేంది?" అంది.

ఇరవై ఏడో రోజున ముగ్గురం చిత్తూరు బస్టాండులో కలిశాం. మరిది పోయాక ఆమెను నేను చూడడం అదే. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చింది. చిక్కిపోయింది. నా వైపు చూడలేదు, ఆటోలో ఆడబిడ్డను మధ్యలో కూర్చోబెట్టింది.

"బాగుండాది" అంది ఆడబిడ్డ. "మీ ఇద్దరి నడుమ నేను కంచె మాదిరి. ఎవురు ముందు పొడిచినా నాకే గుచ్చుకునేది." ఎవరమూ నవ్వలేదు. ఆమె మాత్రం దారిపొడుగునా తన ఆవుల్లో ఏది దూడను తన్నుతుందో చెబుతూనే ఉంది.

మండీలో బావ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన కంప్యూటర్. ఇద్దరు కూలీలు బెల్లం ముద్దలు కాటా మీద పెడుతున్నారు. మమ్మల్ని చూసి, "ముగ్గురూ ఒకేసారి వచ్చినారే! ఎవురన్నా పోయినారా ఏంది?" అన్నాడు.

"పోయినోడి కోసమే వచ్చినాం పెద్దన్నా" అంది ఆడబిడ్డ.

"ఇంటికి పోండి. సాయంత్రం మాట్లాడదాం."

"ఇంట్లో మాట్లాడితే నువ్వొక్కడివే మాట్లాడతావు. ఈడైతే సాక్షులుండారు."

కూలీలు కాటా వైపే చూస్తూ ఉన్నారు కానీ చేతులు ఆగిపోయాయి.

మరిది భార్య, మా తోడికోడలు, ముందుకు వచ్చింది. "బావగారూ, మీ ఇంట్లో నాకు ఏమీ వద్దు" అంది. "ఆయన పేరు వద్దు, గోడ మీద చోటు వద్దు, మీరు నన్ను పిలవాల్సిన పని కూడా లేదు. ఆ పదకొండు ఫోటోలు ఇచ్చేయండి. నేను మీకు మళ్ళీ కనిపించను."

"ఫోటోలు నేను తీసుకున్నానా అమ్మా? కోసింది ఎవురు? ఆ యమ్మను అడుగు" అని నన్ను చూపించాడు.

"అడిగినాను. ఆమె ఒప్పుకుంది. మీరు తాళం పట్టుకొని కూర్చోనుండారు."

"తాళం నాది. ఖాతా నాది."

అప్పుడు నేను మాట్లాడాను. అన్నేళ్ళలో ఆయన ముందు నిలబడి నేను గొంతెత్తింది లేదు.

"బావా, కోసింది నేనే. తప్పు నాదే. ఎవరి ముందైనా చెబుతాను. వచ్చే నెల సంవత్సరికానికి పెద్దలకు వంట చేయాల్సింది నేనే. మీరు ఇప్పుడు ఓటీపీ చెప్పకుంటే, ఆ రోజు నేను మడి కట్టను. పొయ్యి ముట్టించను."

మా అత్తగారు పోయినప్పట్నుంచి ఆ వంట నాది. బావ భార్య మోకాళ్ళ నొప్పులతో నిలబడలేదు. ఏడాదికి రెండు మూడు సార్లు నేను తలస్నానం చేసి, తడిబట్టతో, ఎవరితోనూ మాట్లాడకుండా చేసే వంట అది. చేయనని అంటుంటే నా నోరు నాకే చేదుగా ఉంది. పెద్దలకు అన్నం పెట్టననడం మా ఇంట్లో ఎవరూ అనని మాట.

బావ కూలీల వైపు ఒకసారి చూశాడు. ఆ తరవాత నవ్వు తెచ్చుకున్నాడు. "చేయకుంటే మానెయ్. హోటల్ నుంచి తెప్పిస్తా."

"తెప్పించు పెద్దన్నా" అంది ఆడబిడ్డ. "నాయనకొకటి, అమ్మకొకటి, తమ్ముడికొకటి, మూడు పార్సిళ్ళు కట్టించు. నాయనకు సాంబారు వేరేగా కట్టమను, కలిపితే తినడు."

కూలీల్లో ఒకడు ఆపుకోలేక నవ్వేశాడు. రెండోవాడు మొహం తిప్పుకున్నాడు. బావ మొహం ఎర్రబడింది. నా ప్రార్థనలకు కరగనివాడు, తన మండీలో తన కూలీ నవ్వేసరికి ఫోన్ తీసి బల్ల మీద పడేశాడు. "తీసుకోండి. తీసుకుని పోండి" అన్నాడు.

స్టూడియో ఆవిడ రాసిచ్చిన కాగితం బల్ల మీద పరిచి, మండీ కంప్యూటర్లోనే ఖాతా తెరిచాను. మొదటి ఫోటో మీద నొక్కి, పాత వెర్షన్లు అన్న చోటికి వెళ్ళి, వెనక్కి తెచ్చే మీట నొక్కాను. తెర మీద చక్రం తిరిగింది. గోడ ఉన్న చోట ఆమె వచ్చింది. సూళ్ళూరుపేట రైల్వే ప్లాట్‌ఫాం మీద, ఇద్దరూ ఒకే పొట్లంలోంచి వేరుశనగలు తింటున్నారు. మా తోడికోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రెండోది. మూడోది. ఏడూ వచ్చాయి.

తరవాత బిన్ తెరిచాను. ఏమీ లేదు.

కాగితం మళ్ళీ చదివాను. నాయన చెప్పినట్టు ప్రతి మాటా చదివాను. నేను తప్పు చోట లేను. పక్కనే ఖాతాలో ఏ రోజు ఏం జరిగిందో వరుసగా ఉంది. బిన్‌ను పూర్తిగా ఖాళీ చేసినట్టు అందులో ఒక వరుస ఉంది. తేదీ చూశాను. నేను బావకు మొదటిసారి ఫోన్ చేసి అంతా చెప్పిన రోజుకు మర్నాడు.

"చోటు నిండిపోయిందని మెసేజ్ వచ్చింది" అన్నాడు బావ, ఎవరూ అడగకముందే. "బిన్‌లో చెత్తే గదా ఉండేది, ఖాళీ చేసినా. అందులో అవి ఉండాయని నాకెట్ల తెలుసు?"

నేను ఆయనకు చెప్పి ఉన్నాను. స్టూడియో ఆవిడ చెప్పింది చెప్పినట్టు, బిన్ అన్న మాటతో సహా చెప్పి ఉన్నాను. ఆయన మరిచిపోయి ఉండవచ్చు. కాకపోనూవచ్చు. దేవుడికి తెలుసు. నాకు తెలిసిందల్లా, ఆయన మాటను నేను నమ్మడం లేదనే. ఈ అపనమ్మకం పాపమైతే దాన్ని నేను మోసుకుంటాను.

"పోయినవి ఏవి అక్కా?" అని అడిగింది మా తోడికోడలు. చాలా రోజుల తరవాత నాతో మాట్లాడిన మొదటి మాట.

చెప్పాను. పెళ్ళి రోజు మెట్ల మీద తీసినవి మూడు. ఆస్పత్రిలో ఆఖరి రోజుకు ముందు, ఆయన పక్కన కూర్చుని ఆమె ఆయన ఫోన్‌నే చేయి చాచి పట్టుకుని తీసింది ఒకటి.

ఆమె అరవలేదు. సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. తెచ్చుకుని వచ్చింది. ఏడు ఫోటోలు అందులోకి ఎక్కించాను. ఆ తరవాత మరిది ఫోన్ నా చేతిలో పెట్టి, "దీన్ని మీ ఖాతాలోంచి తీసేయండి. ఇక మీదట మీరు ఈడ ఏం చేసినా నా దాకా రాకూడదు" అంది. తీసేశాను. అది కూడా నా చేతులతోనే చేయించింది.

బయటికి వచ్చాక ఆడబిడ్డ ఆమెను పలమనేరుకు రమ్మని బతిమాలింది. రెండు రోజులుండి పోదువు, పాలు తాగి కాస్త ఒళ్ళు చేస్తావు అంది. ఆమె రానంది. నేను చేతులు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"మీరు మంచోళ్ళే అక్కా" అంది. "బావగారంటే నాకు భయం లేదు. మీరంటేనే భయం. మంచికేనని చెప్పి ఏమైనా చేసేస్తారు."

నేను పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాను.

సంవత్సరికానికి నేను మడి కట్టి వంట చేశాను. ఓటీపీ చెబితే చేస్తానన్నట్టే మాట ఇచ్చాను కాబట్టి చేశాను. గోడకు మరిది ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీది ఫోటో పెద్దది చేయించి కట్టారు. అందులో ఆయన ఒక్కడే, కోయాల్సిన పని లేకుండా. ఆమెను పిలవలేదు. పిలిచినా వచ్చేది కాదు. బావతో నాకు మాటలు లేవు. వడ్డించేటప్పుడు ఇంకా కావాలా అని కూడా అడగలేదు. ఫోటోల ఖాతా సర్దే పని మానేశాను. అందులో మళ్ళీ బెల్లం ముద్దలు, దూడలు, దేవుళ్ళు కలిసిపోతున్నాయి. కలిసిపోనీ.

క్షమించమని అడిగే హక్కు నాకు లేదు కాబట్టి అది అడగడం లేదు. ఇది చదివినవాళ్ళను మాత్రం ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ దేవుడికి దండం పెట్టినా, మీ ఇంట్లో బతికి ఉన్నవాళ్ళ పేర్లు చెప్పుకుంటూ చల్లగా చూడమని అడుగుతారు కదా. ఆ పేర్ల చివర మా తోడికోడలిని ఒకసారి తలుచుకోండి. శ్రీ సిటీ దగ్గర అద్దె ఇంట్లో ఉంటుంది, రోజూ పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కుతుంది. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. బతికున్నవాళ్ళ వరసలో తలుచుకోండి, చాలు.